నాన్న పేగుల్లో అద్దెకు దిగిన మొండిఘటం
ఐసీయూలో 11వ రోజు. మలద్వారంలో దూదిపుల్ల పెట్టి తీసిన శాంపిల్ రిపోర్టు వచ్చింది: మెరోపెనెం అనే బలమైన యాంటీబయాటిక్‌కి కూడా లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. జ్వరం లేదు, విరేచనాలు లేవు. మరి ఇదేంటని నాకు టెన్షన్. డ్యూటీ డాక్టరమ్మ కాగితం వెనకాల బొమ్మ గీసి మరీ చెప్పారు. పేగుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా తిండీ చోటూ తామే ఆక్రమించుకుని కొత్తవాటిని నిలవనివ్వవట. న్యుమోనియాకి ఎక్కించిన యాంటీబయాటిక్స్ వాటినీ ఊడ్చేశాయి. ఖాళీ అయిన ఇంట్లో ఇది దిగింది. ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, మంచం రెయిలింగ్ మీదుగా వచ్చిందో! ఇన్ఫెక్షన్ చేయనంతవరకు మందు ఇవ్వరు. ఇస్తే మిగిలిన మంచివీ పోతాయి. నెలల తరబడి ఉండిపోవచ్చు కూడా. బెడ్‌పాన్ తీసిన ప్రతిసారీ గ్లవ్స్ విప్పి, సబ్బుతో మోచేతుల దాకా తోముకుంటున్నా. నాన్న మాత్రం, "పెరుగన్నం ఎప్పుడు పెడతారమ్మా?" అంటున్నాడు.