చెరిపేసిన టిక్కు

ఆఫీసు టీమ్‌లలో నేను చేస్తున్న సర్వేలో, తిరిగొచ్చిన ఫారాల్లో ఒకదాని దగ్గర ఇవాళ ఆగిపోయాను.

"నా తప్పు గురించి మేనేజర్‌తో భయం లేకుండా చెప్పగలను." 5కి ఎంత? ముందు 2 మీద పెన్సిల్ టిక్కు పెట్టి, గట్టిగా చెరిపేసి, 4 మీద పెట్టారు. రబ్బరుతో రుద్దిన చోట కాగితం పలచబడింది. వెలుతురుకి పట్టుకుంటే పాత టిక్కు ఇంకా కనిపిస్తోంది.

పేరు రాయక్కర్లేదని పైనే పెద్ద అక్షరాలతో ఉంది. అయినా ధైర్యం చాలలేదు.

1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాల్ని పరిశీలిస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివాళ్లు తప్పులు ఎక్కువ చేసి కాదు, దాచుకోకుండా చెప్పుకోబట్టి అని ఆమెకి తట్టింది. 1999లో వచ్చిన ఆమె సైకలాజికల్ సేఫ్టీ (తప్పు ఒప్పుకున్నా టీమ్‌లో ఇబ్బంది రాదన్న నమ్మకం) పేపర్ ఎన్నిసార్లు చదివానో! ఆ భయం ఇలా కాగితం మీద కనిపించడం మాత్రం ఇదే మొదటిసారి.

ఎక్సెల్‌లో 4 అనే కొట్టాను. వాళ్లిచ్చిన జవాబు అదే, మార్చే హక్కు నాకు లేదు. సగటు తీస్తే ఆ టీమ్ హాయిగా ఉన్నట్టే వస్తుంది. అదే బాధ.

వచ్చే వారం ఇంటర్వ్యూలు. ఆఫీసు బయట ఎక్కడైనా కూర్చుని మాట్లాడదామా అని అడగబోతున్నాను.