పటికలో ముంచని బట్ట

ఇరవై ఏళ్లుగా కూచిపూడి నృత్యానికి దుస్తులు కుడుతున్నదాన్ని కాబట్టి, ఏ దేశపు నృత్యం చూసినా నా చూపు మొదట బట్ట మీదకే పోతుంది. బ్యాలే నర్తకి నడుము చుట్టూ నురగలా నిలిచే ఆ తెల్లని టూటూ ఎక్కడ, ఎందుకు పుట్టిందో ఆ ఊళ్లోనే నడిచి తెలుసుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటూ, చివరికి పోయిన శీతకాలం చివర్లో నాలుగు రోజులు పారిస్‌లో గడిపాను.

మొదటి ఉదయమే లె పెల్తియే వీధికి వెళ్లాను. 1821 నుంచి 1873 వరకు పారిస్ ఒపేరా నాటకశాల ఉన్నది ఆ వీధిలోనే. 1873 అక్టోబరులో అది మంటల్లో కాలిపోయింది. నేను వెళ్లేసరికి అక్కడ మామూలు భవనాలు, పనులకు వెళ్లే జనం తప్ప మరేమీ కనిపించలేదు. అయినా ఒక పక్కగా నిలబడి చాలాసేపు ఆ వీధినే చూశాను, ఎందుకంటే 1832 మార్చి 12న ‘లా సిల్ఫీద్’ అనే బ్యాలేలో నర్తకి మారీ తాలియోనీ గాలిదేవతగా వేదిక మీదికి వచ్చింది ఇక్కడే. తండ్రి ఫిలిప్పో తాలియోనీ ఆ నృత్యాన్ని కూర్చగా, దుస్తులను చిత్రకారుడు యూజీన్ లామీ రూపొందించాడు: ఒంటికి అతుక్కున్న రవిక, వీపున చిన్న రెక్కలు, మోకాలికీ చీలమండకూ మధ్య ఆగిపోయే, గంటలా విచ్చుకున్న తెల్లని పల్చటి పావడా.

పావడా అంచు పైకి జరగడం అంతకు వందేళ్ల ముందే మొదలైంది. 1730లలో నర్తకి మారీ కామార్గో తన పాదాల వేగం కనబడాలని అంచును కాస్త ఎత్తింది. 1734లో మరో నర్తకి మారీ సాలే లండన్‌లో బరువైన రాజదర్బారు దుస్తులను వదిలి పల్చని మస్లిన్‌తో ఆడింది. (ఆ మస్లిన్ పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందని మా వైపు చెప్పుకుంటారు గాని, నిఘంటువులు ఎక్కువగా ఇరాక్‌లోని మోసుల్ నగరాన్నే చూపుతాయి.) 1832లో కొత్తగా తోడైనది వెలుగు. లె పెల్తియే నాటకశాలకు 1822లోనే గ్యాస్ దీపాలు వచ్చాయి. మంటను పెంచి తగ్గించే వీలు కలగడంతో వేదిక మీద వెన్నెలను సృష్టించగలిగారు. ఆ వెన్నెల పొరలు పొరలుగా వేసిన తెల్లబట్టలోకి దూరి, లోపలి నుంచే వెలుగు వస్తున్నట్లు కనబడేది. కాలి మునివేళ్ల మీద లేచిన మనిషికి నేలతో సంబంధం లేదని ప్రేక్షకుడు నమ్మాలంటే అటువంటి పావడాయే కావాలి. గంజి పెట్టిన వదులు నేత నూలుబట్ట, అంటే టార్లటాన్, ఆ పని చక్కగా చేసింది. గాలి ఆడే నేత, దారానికి దారానికి మధ్య సందు, ఆ పైన ఎండిన గంజి: ఇంతకంటే సులువుగా అంటుకునే బట్టను కావాలని తయారు చేయబోయినా చేయలేము.

రెండో రోజు గార్నియే ఒపేరా భవనానికి వెళ్లాను. పాత నాటకశాల కాలిపోయాక, 1875లో తెరిచిన భవనం ఇది. దాని లోపలి గ్రంథాలయ ప్రదర్శనశాలలో నర్తకి ఎమ్మా లివ్రీ దుస్తుల అవశేషాలను భద్రపరిచారని చదివి వెళ్లాను. ఆ రోజు అద్దాల బీరువాల్లో అవి లేవు. అక్కడి చిన్న బొమ్మ రంగస్థలాల ముందు నిలబడి, లివ్రీ కథనే తలుచుకుంటూ ఉండిపోయాను.

ఎమ్మా లివ్రీ 1858లో, పదహారేళ్ల వయసులో, తాలియోనీ ఆడిన ఆ ‘లా సిల్ఫీద్’తోనే రంగప్రవేశం చేసింది. ఆమె గురించి విని తాలియోనీ స్వయంగా పారిస్‌కు తిరిగివచ్చి, ఆమెకు గురువై, 1860లో ఆమె కోసం ‘లె పాపియోఁ’ అనే బ్యాలేను కూర్చింది. సంగీతం జాక్ ఓఫెన్‌బాక్‌ది. అందులో సీతాకోకచిలుకగా మారిన కథానాయిక దివిటీ వెలుగుకు ఆకర్షితురాలై రెక్కలు కాల్చుకుంటుంది. రంగస్థలం మీద అగ్నిప్రమాదాలు అప్పటికే చాలా జరిగాయి. 1844లో లండన్‌లో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి అలాగే మరణించింది. అందుకే కార్తెరోన్ అనే ఆయన పద్ధతి ప్రకారం, పటిక వంటి లవణాల నీళ్లలో ముంచిన దుస్తులనే వేదిక మీద వాడాలని 1859లో ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసింది. ఆ నీళ్లలో ముంచిన బట్ట బిరుసెక్కి, పసుపు తిరిగేది. తన మామూలు పావడాతోనే ఆడతాననీ, జరిగేదానికి బాధ్యత తనదేననీ లివ్రీ ఒపేరా సంచాలకుడికి రాసి ఇచ్చింది.

1862 నవంబరు 15న సాధన జరుగుతుండగా, తన ప్రవేశానికి ఎదురుచూస్తూ ఆమె పావడా కుచ్చులను విదిలించుకున్నప్పుడు, అవి పక్కనున్న గ్యాస్ దీపానికి తగిలాయి. మంటలతోనే ఆమె వేదిక మీద పరుగెత్తింది. ఎనిమిది నెలలు బాధపడి 1863 జులై 26న, ఇరవై ఏళ్లకే కన్నుమూసింది. పటిక దుస్తులు క్షేమమే కావచ్చు గాని మళ్లీ వేదిక ఎక్కినా వాటిని కట్టుకోను, అంత అందవిహీనమైనవి అని మంచం మీద నుంచి కూడా అన్నదని చెబుతారు. నటీనటుల దుస్తుల కొలతలు తీసుకునే నాకు ఆ మాట మొండితనంగా తోచలేదు. బట్ట కదలకపోతే ఆట కదలదని ఆమెకు తెలుసు.

ఓర్సే మ్యూజియంలో చిత్రకారుడు ఎద్గార్ దెగా చేసిన పద్నాలుగేళ్ల నర్తకి విగ్రహాన్ని చూశాను. కంచు బొమ్మకు కట్టిన నిజమైన బట్ట పావడా వెలిసిపోయి, అంచు చీలికలు పడి ఉంది. 1881లో మైనపు మూలాన్ని ప్రదర్శించేనాటికి పావడా ఇంత పొట్టిదైంది. టూటూ అన్న పేరు కూడా ఆ కాలం నాటిదే. పిల్లలు పిరుదులకు వాడే ముద్దుమాట నుంచి వచ్చిందంటారు. ఆ తర్వాత రష్యాలో పావడా ఇంకా పొట్టిదై, పళ్లెంలా అడ్డంగా నిలబడింది.

చివరి రోజు మోంమార్త్ర శ్మశానవాటికకు వెళ్లాను. లివ్రీ, ఓఫెన్‌బాక్, దెగా అందరూ అక్కడే ఉన్నారు. ‘జిజెల్’ అనే బ్యాలే కథకు రూపమిచ్చిన కవి తెయోఫిల్ గోతియే కూడా అక్కడే ఉన్నాడు. లివ్రీ అంతిమయాత్రలో తెల్లని సీతాకోకచిలుకలు శవపేటిక మీద ఎగిరాయని రాసినది ఆయనే. తాలియోనీ పేరున్న ఒక సమాధి మీద వానకు తడిసి, ముక్కులు అరిగిపోయిన బ్యాలే చెప్పులు కుప్పగా ఉన్నాయి. ఆ సమాధి నిజానికి ఆమె తల్లిది. తాలియోనీ పేర్ లషేజ్ శ్మశానంలో ఉంది. చెప్పులు పెట్టిపోయిన పిల్లల భక్తికి అది అడ్డు కాదనిపించింది.

అక్కడి నుంచి కొండ దిగువనున్న బట్టల దుకాణాలకు నడిచి, రెండు మీటర్ల టార్లటాన్ కొన్నాను. ఇంటికి వచ్చాక సగం ముక్కను చిక్కటి పటిక నీళ్లలో నానబెట్టి, నీడన ఆరవేశాను. పెరట్లో రెండింటి నుంచీ చిన్న పీలికలు కత్తిరించి అగ్గిపుల్ల చూపించాను. మామూలు పీలిక మూడు అంకెలు లెక్కపెట్టేలోపే మాయమైంది. పటిక పీలిక అంచు నల్లబడి, పొగ వదిలి ఆరిపోయింది. తర్వాత మిగిలిన ముక్కలకు కుచ్చులు పెట్టి, నడుము పట్టీకి తగిలించి, మా శిష్యురాలి చేత ఒక్కో చుట్టు తిరిగించాను. మొదటిది ఆమె ఆగిన తర్వాత కూడా ఒక క్షణం గాలిలో ఉండి నెమ్మదిగా దిగింది. రెండోది ఆమెతో పాటే, అట్టలా, ఒక్కసారిగా ఆగిపోయింది.