వాడుతున్నాం సరే, ఎందుకు వాడుతున్నాం?

వీసా మీద ఉద్యోగం చేసేవాళ్లకు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను వద్దనే ధైర్యం ఉండదు. మా టీమ్‌లో కొత్త టికెటింగ్ టూల్ (ప్రతి సమస్యనూ ఒక ‘టికెట్’గా నమోదు చేసి, తీరాక మూసే సాఫ్ట్‌వేర్) వచ్చినప్పుడు అక్కడివాళ్లు మొదటి మీటింగ్‌లోనే ‘ఇది పనికి అడ్డం’ అని తేల్చేశారు. వలస వచ్చినవాళ్లం మాత్రం నోరెత్తకుండా ప్రతి గడీ నింపాం. రిపోర్టులో మా వాడకమే ఎక్కువ కనిపించింది. మాకు టూల్ నచ్చిందని పైవాళ్లు అనుకున్నారు.

జనం టెక్నాలజీని ఎందుకు వాడతారన్నదానికి 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు రెండు కారణాలు చెప్పారు: పనికొస్తుందన్న నమ్మకం, వాడటం తేలికన్న నమ్మకం. మా విషయంలో ఆ రెండూ లేవు. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, డేవిస్, మరో ఇద్దరు కలిసి ప్రతిపాదించిన నమూనాలో మా పరిస్థితి కొంత కనిపిస్తుంది. వాడకం తప్పనిసరి అయినచోట, ముఖ్యంగా కొత్తలో, చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటారన్నది బాగా పనిచేస్తుందని అందులో తేలింది. ఉద్యోగం పోతే దేశమే వదలాల్సినవాడి మీద ఆ ఒత్తిడి ఇంకెంత ఉంటుందో చెప్పాలా?

తర్వాత ఎక్కువ టికెట్లు మూసినవారికి పాయింట్లు, ర్యాంకులు పెట్టారు. ఒకే సమస్య మూడు టికెట్లుగా చీలడం మొదలైంది. పరిష్కారం రాయాల్సిన గడిలో ‘ఫిక్స్‌డ్’ అనే ఒక్క మాట మిగిలింది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసి 1971లో ప్రచురించిన ప్రయోగం గుర్తొచ్చింది. పజిల్స్ విప్పినందుకు డబ్బు తీసుకున్న విద్యార్థులు, డబ్బు ఆగాక ఖాళీ సమయంలో వాటి జోలికి అంతకుముందుకన్నా తక్కువ వెళ్లారు.

అదే టీమ్‌లో ఎవరూ చెప్పకుండా పెరిగినది ఒకటుంది: నైట్ షిఫ్ట్ వాళ్ల నోట్స్ పేజీ. ఏ సర్వర్ ఎప్పుడు మొరాయిస్తుంది, రీస్టార్ట్‌కు ముందు లాగ్‌లో ఏ లైన్ చూడాలి, ఎవర్ని నిద్రలేపాలి, ఎవర్ని లేపక్కర్లేదు, అన్నీ అందులో ఉంటాయి. ఫోన్‌లో మన యాస అర్థంకాక రెండుసార్లు చెప్పించుకునేవాళ్లు కూడా, ఆ పేజీలో మనం రాసింది చదివి థాంక్స్ పెడతారు. డెసి, ఆయన తోటి పరిశోధకుడు రిచర్డ్ రయాన్ మనిషికి కావాలన్న మూడూ, అంటే సొంత నిర్ణయం, చేయగలనన్న నమ్మకం, నలుగురితో అనుబంధం, నాకు ఆఫీసులో దొరికింది ఆ పేజీలోనే. దానికి పాయింట్లు పెడతామని ఈమధ్య ఎవరో అన్నారు. ఈసారి నోరు విప్పి, వద్దని చెప్పాను.