డీఎస్సీలో బాక్టీరియా, వైరస్‌లు: లేనివాటిని బట్టి చదివిన పాఠం

మెగా డీఎస్సీలో ప్రకాశం జిల్లా నుంచి స్కూల్ అసిస్టెంట్ జీవశాస్త్రం పోస్టుకు ఎంపికయ్యాక, తోటి అభ్యర్థులు నన్ను ఎక్కువగా అడుగుతున్నది సూక్ష్మజీవుల భాగం ఎలా చదివానన్నదే. సిలబస్, ప్రశ్నల సరళి మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను. సైకాలజీ, మెథడాలజీ, జీకేల విషయంలో నేను చేసిన ప్రత్యేకమైన కృషి ఏమీ లేదు. అందరూ చదివే పుస్తకాలే చదివాను, పాత ప్రశ్నపత్రాలు మళ్లీ మళ్లీ చేశాను.

బాక్టీరియా, వైరస్‌ల పాఠం పైకి చాలా సులువుగా కనిపిస్తుంది. శాస్త్రవేత్తల పేర్లు, సంవత్సరాలు, వ్యాధుల పట్టిక, లాభాలు, నష్టాలు కంఠస్థం చేస్తే సరిపోతుందనిపిస్తుంది. పరీక్షలో మాత్రం నాలుగు వాక్యాలిచ్చి సరికానిది గుర్తించమంటారు. నాలుగూ ఎక్కడో చదివినట్టే ఉంటాయి, సగం మార్కు అక్కడే పోతుంది. నాకు ఈ పాఠం పట్టుబడింది ఏ పుస్తకం వల్లనో కాదు, మా నాన్న పెట్టిన ఒక కట్టడి వల్ల.

మాది కొండపి వైపు పొగాకు పండించే కుటుంబం. నారుమడిలో పనిచేసే కూలీలను నాన్న బీడీ కాల్చనిచ్చేవారు కాదు, పొగాకు నమలనిచ్చేవారు కాదు. మడిలోకి దిగే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. అది ఆయన చాదస్తమనే చాలాకాలం అనుకున్నాం. పొగాకు మొజాయిక్ వైరస్ గురించి చదువుతున్నప్పుడు అసలు కారణం తెలిసింది. ఈ వైరస్‌ను ఏ పురుగూ మోసుకురానక్కరలేదు. రోగమున్న ఆకు రసం చేతికి అంటి, ఆ చేయి లేత నారును తాకితే చాలు. ఎండబెట్టిన పొగాకులో కూడా అది ఏళ్ల తరబడి నశించకుండా ఉంటుంది కనుక, బీడీ ముట్టుకున్న వేళ్లతోనే నారుమడికి రోగం చేరవచ్చు.

ఆకు ఎండిపోయినా వైరస్ ఎందుకు చావదన్న ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. నీరు లేకపోతే ఆగిపోయే జీవక్రియలు దానికి అసలు లేవు. శ్వాసక్రియ లేదు, ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు లేవు, ప్రోటీన్ పొర లోపల ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు మాత్రమే ఉంది. 1935లో స్టాన్లీ ఈ వైరస్‌ను ఉప్పు, పంచదారల మాదిరిగా స్ఫటికాలుగా మార్చగలిగాడంటే, ఆ స్ఫటికాలు మళ్లీ మొక్కకు రోగం తెప్పించాయంటే, దానికి కారణం కూడా ఇదే. నాన్న కట్టడికీ, నోబెల్ బహుమతి వచ్చిన ప్రయోగానికీ ఆధారం ఒకటేనని తెలిసిన రోజు నుంచి, ప్రతి సూక్ష్మజీవి దగ్గరా నేను వేసుకున్న మొదటి ప్రశ్న "దీనిలో ఏమి లేదు?" అన్నది.

ఈ ప్రశ్నతో చదివితే చరిత్ర కూడా వరుసలోకి వస్తుంది. 1892లో ఐవనోవ్‌స్కీ, బాక్టీరియాను ఆపే వడపోత పరికరం గుండా రోగగ్రస్త పొగాకు రసాన్ని పంపితే, వడకట్టిన రసం కూడా రోగం తెప్పించింది. ఆయన మాత్రం అది బాక్టీరియా పనో, అది విడుదల చేసిన విషమో అనే అనుకున్నాడు. 1898లో బైజరింక్ ఇది సజీవ కణాలలో మాత్రమే వృద్ధి చెందే సాంక్రామిక ద్రవమని చెప్పి వైరస్ అన్న పేరు వాడాడు. స్టాన్లీ దానిని కేవలం ప్రోటీన్ అనుకోగా, మరుసటి ఏడాదే బాడెన్, పిరీలు అందులో కేంద్రకామ్లం (ఆర్‌ఎన్‌ఏ) కూడా ఉన్నదని చూపారు. ఎవరు ఏది చూశారో, ఎవరు దేనిని పొరబడ్డారో తెలిస్తే సంవత్సరాలు వాటంతటవే గుర్తుంటాయి. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది: వడపోత దాటినంత మాత్రాన అది వైరస్ కాదు, ఎందుకంటే మైకోప్లాస్మా అనే అతిచిన్న బాక్టీరియా కూడా దాటుతుంది. దానికి కణకవచం లేదు కనుక ఆకారం మార్చుకుంటూ సన్నని రంధ్రాలలో దూరిపోతుంది. పెన్సిలిన్ దానిపై పనిచేయకపోవడానికి కారణం కూడా ఆ కవచం లేకపోవడమే.

మందుల ప్రశ్నలన్నీ ఇలాగే తేలిపోతాయి. పెన్సిలిన్ బాక్టీరియా కణకవచంలోని పెప్టిడోగ్లైకాన్ నిర్మాణాన్ని అడ్డుకుంటుంది. మన కణాలకు ఆ కవచం లేదు కనుక వాటిని దెబ్బతీయదు, వైరస్‌కూ లేదు కనుక జలుబుకు ఉపయోగపడదు. స్ట్రెప్టోమైసిన్ బాక్టీరియా 70ఎస్ రైబోసోములపై పనిచేస్తుంది; రైబోసోములే లేని వైరస్‌ను అది ఏమి చేయగలదు? బాక్టీరియాకు రంగులు వేసి రెండు రకాలుగా విడదీసే గ్రామ్ అభిరంజనంలో రంగుల పేర్లకన్నా ఆల్కహాల్‌తో కడిగే దశ ముఖ్యం. మందమైన పెప్టిడోగ్లైకాన్ పొర లేని గ్రామ్ నెగటివ్ కణాలు మొదట వేసిన క్రిస్టల్ వయొలెట్ రంగును అక్కడ పోగొట్టుకొని, తరువాత వేసే సాఫ్రనిన్‌తో ఎర్రబడతాయి. హెర్షే, ఛేజ్‌ల 1952 ప్రయోగం కూడా అంతే: ప్రోటీన్‌లో ఫాస్ఫరస్ ఉండదు, డీఎన్‌ఏలో గంధకం ఉండదు, అందుకే రేడియోధార్మిక ఫాస్ఫరస్, గంధకాలతో గుర్తుపెట్టి, బాక్టీరియాలోకి ప్రవేశించేది ఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) డీఎన్‌ఏ అని నిరూపించగలిగారు.

మన జిల్లాల పొలాలు ఈ పాఠానికి మంచి ఉదాహరణలు. గూడూరు వైపు నిమ్మతోటలలో వచ్చే గజ్జి తెగులు గ్జాంథోమోనాస్ అనే బాక్టీరియా వల్ల కలిగేది, అందుకే అక్కడ రైతులు రాగి మందులను, స్ట్రెప్టోసైక్లిన్‌ను పిచికారీ చేస్తూ వచ్చారు. మినుములో పల్లాకు తెగులు వైరస్ వల్ల వస్తుంది. వైరస్‌ను చంపే మందు లేదు కనుక దానిని మోసే తెల్లదోమను అరికట్టాలి, రోగం సోకిన మొక్కను పీకివేయాలి. తీరంలో రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వ్యాధి డీఎన్‌ఏ వైరస్ వల్ల కలిగేది, అందుకే రైతులు రొయ్య పిల్లలను చెరువులో వదలక ముందే ఆ డీఎన్‌ఏను పసిగట్టే పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. ఏది బాక్టీరియా వ్యాధి, ఏది వైరస్ వ్యాధి అన్న ప్రశ్నకు నేను ఈ పంటలను తలచుకొనే జవాబు గుర్తించాను.

కోచింగుకు అవనిగడ్డ వెళ్లలేదని బంధువులలో చాలామంది నన్ను తప్పుపట్టారు. అక్కడ చదివి ఉద్యోగాలు సాధించినవారి పట్ల నాకు గౌరవమే ఉంది. కానీ ఇద్దరు పిల్లలతో, ఒంగోలులో అద్దె ఇంట్లో ఉంటూ, ఇల్లు విడిచి వెళ్లడం నాకు సాధ్యపడేది కాదు. సాధ్యపడినా వెళ్లేదాన్ని కానని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. తెల్లవారుజామున పిల్లలు లేవకముందు చదివిన కాలమే నాది, ఆ సమయంలో ఫోన్ మరో గదిలో ఉండేది. రాత్రిళ్లు గ్రూపుల్లో కటాఫ్ లెక్కలు వేస్తూ కూర్చునేవారు ఆ గంటలో ఒక పాఠం పూర్తిచేయవచ్చునన్నది నా అభిప్రాయం. ఇది కొందరికి నచ్చకపోవచ్చు.

బాక్టీరియాలో ఒక కణం నుంచి మరో కణానికి జన్యుపదార్థం చేరే పద్ధతులైన సంయుగ్మం, జన్యుపరివర్తన, జన్యువహనం మూడింటినీ ఒకే రోజున పక్కపక్కన పెట్టుకొని చదవండి. మొదటిదానికి రెండు కణాలు తాకాలి, రెండవదానికి దాత కణం బతికి ఉండనక్కరలేదు, మూడవదానికి ఫేజ్ కావాలి. గ్రిఫిత్ 1928 ప్రయోగం రెండవదాని కిందికి వస్తుంది. చివరగా వైరస్‌లకన్నా సరళమైన రోగకారకాలైన వైరాయిడ్లు, ప్రియాన్లను ఒక పంక్తిలో ముగించవచ్చు: 1971లో డైనర్ బంగాళాదుంపలో గుర్తించిన వైరాయిడ్‌కు ప్రోటీన్ తొడుగు లేదు, ప్రూసినర్ చెప్పిన ప్రియాన్‌కు కేంద్రకామ్లం లేదు. వచ్చే టెట్‌కు చదువుతున్నవారు ఈ రెండింటినీ తారుమారు చేసి ఇచ్చిన ఆప్షన్‌ను తప్పక గమనించాలి.