వాన పడ్డ పొద్దున ఎర్రదీపం

పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే మా సౌరవిద్యుత్తు లెక్క కూడా రాస్తాను. ఎడమ పేజీలో పాలు, కుడి పేజీలో ఆ రోజు తయారైన యూనిట్లు. 2021 మార్చిలో డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించిన రోజు నుంచి ఒక్కరోజు కూడా మానలేదు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన అలవాటు అది. ఆ పుస్తకం లేకపోతే 2025 వర్షాకాలంలో మా ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె, చెడిపోతున్న సంగతి కరెంటు బిల్లు చేతికొచ్చాక గానీ నాకు తెలిసేది కాదు.

మాది రాజోలు దగ్గర పల్లె. 335 వాట్ల ప్యానెళ్లు తొమ్మిది, అన్నీ ఒకే వరసగా కలిపి ఇన్వర్టర్‌కు ఇచ్చారు. ఎండ బాగా కాస్తే రోజుకు 12 యూనిట్లు, మబ్బు పట్టినా ఆరేడు వస్తాయి. బ్యాటరీ ఉండదు, మేం వాడుకోగా మిగిలింది నెట్ మీటరు ద్వారా లైనులోకి పోతుంది. కరెంటు పోయినప్పుడు మా ఇంట్లోనూ ఫ్యాను ఆగిపోవడం చూసి ఇరుగుపొరుగు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. లైను చచ్చిపోయిన వెంటనే ఇన్వర్టర్ కూడా ఆగిపోవాలి. లేకపోతే మన డాబా మీది కరెంటు తీగల్లోకి ఎక్కి, స్తంభం మీద పని చేసుకుంటున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, ఇంకా చెబుతూనే ఉంటాను.

ఆషాఢం చివరి వారంలో కుడి పేజీ అంకెలు తగ్గడం మొదలైంది. తొమ్మిది, ఏడున్నర, ఎండ కాసిన రోజున కూడా ఆరు. ప్యానెళ్ల మీద కొబ్బరి మట్టలేమైనా పడ్డాయేమోనని డాబా ఎక్కి చూశాను, ఏమీ లేవు. మర్నాడు తెల్లవారగానే ఇన్వర్టర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వెలుతురు రాగానే తెర వెలిగింది, అరవై నుంచి వెనక్కి లెక్కపెట్టింది. సున్నా దగ్గర లోపల టక్కుమని చప్పుడు అయ్యి పచ్చదీపం వెలగాలి. టక్కుమనలేదు. ఎర్రదీపం వెలిగి ‘ఐసొలేషన్ ఫాల్ట్’ అని వచ్చింది. కాసేపటికి మళ్లీ అరవై, మళ్లీ ఎర్రదీపం. పదీ ఇరవైకి, డాబా పూర్తిగా ఆరాక, ఉన్నట్టుండి టక్కుమని పచ్చదీపం వెలిగింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది.

ఆ మాటకు అర్థం ఇది. ప్యానెళ్ల నుంచి వచ్చే రెండు తీగలకూ భూమికీ మధ్య ఎక్కడా సంబంధం ఉండకూడదు. ఇన్వర్టర్ ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు దాన్ని కొలిచి చూసుకుంటుంది. కరెంటు ఎక్కడో భూమిలోకి కారుతోందని తేలితే మొండికేస్తుంది. అది మంచిదే, ఎవరికీ షాక్ కొట్టకుండా కాపాడే ఏర్పాటు. అయితే ఎక్కడ కారుతోందో అది చెప్పదు. తీగ ఒరుసుకుపోయినా, ప్యానెలు వెనకున్న డబ్బాలో నీరు చేరినా, మధ్యలో పిడుగుల రక్షణ కోసం పెట్టే పరికరం పాడైనా, చివరికి ఇన్వర్టర్ లోపలే తేమ చేరినా తెర మీద కనిపించేది ఆ ఒక్క మాటే. నా నెలన్నర తిరుగుడంతా దీని చుట్టూనే.

ప్యానెళ్లు బిగించిన సంస్థకు ఫోను చేస్తే నాలుగో రోజున ఒక కుర్రాడు వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు, అప్పటికి అంతా ఆరిపోయి పచ్చదీపం వెలుగుతోంది. “వానాకాలం కదమ్మా, తేమకు అలాగే చేస్తుంది” అని ప్యానెళ్లు తుడిచి వెళ్లిపోయాడు. రెండోసారి వేరొకాయన వచ్చి, ఉడుతలు తీగ కొరికి ఉంటాయి, మొత్తం తీగ మార్చాలి, తొమ్మిది వేలవుతుంది అన్నాడు. కొరికిన చోటు చూపించమన్నాను. గొట్టం లోపల ఉంటుంది, కనబడదు అన్నాడు. కొలవకుండా చెప్పిన మాటకు తొమ్మిది వేలు ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

మా మేనల్లుడు ఉండి దగ్గర చేపల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు బాగుచేస్తాడు. నీళ్లలో నడిచే మోటార్లకు కరెంటు కారడం అంటే ఏమిటో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆదివారం చించినాడ వంతెన దాటి బండి మీద వచ్చాడు, సంచిలో తీగ నుంచి కరెంటు కారుతోందో లేదో కొలిచే మెగ్గర్, వెయ్యి వోల్టుల దాకా తట్టుకునే మీటరు పెట్టుకుని.

ముందు నన్ను దూరంగా నిలబెట్టాడు. “అత్తా, ఇది ఇంట్లో స్విచ్‌బోర్డు కరెంటు లాంటిది కాదు, దగ్గరకు రాకు” అన్నాడు. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది కనుక మెరుపు లేచినా తెగుతుంది. ప్యానెళ్ల నుంచి వచ్చేది అలా సున్నాకు రాదు, నడుస్తున్నప్పుడు కనెక్టరు పీకితే మెరుపు ఆరకుండా సాగి చెయ్యి కాలుస్తుంది. అందుకే ముందు ఇంటివైపు బ్రేకరు, తర్వాత ప్యానెళ్లవైపు స్విచ్చి ఆపాడు, అయిదు నిమిషాలు ఆగాడు, తీగలో కరెంటు నడవడం లేదని క్లాంప్ మీటరుతో చూసుకుని అప్పుడు కనెక్టర్లు విప్పాడు. తెలియని వాళ్లు ఈ పనికి దిగవద్దు. పక్కన నిలబడి చూసిన నేను కూడా ఈనాటికీ ఆ కనెక్టర్లను తాకను.

రెండు తీగల మధ్య 388 వోల్టులు చూపించింది. తొమ్మిదితో భాగిస్తే ప్యానెలుకు 43. ఆ వేడిలో అది సరైనదే, అంటే ప్యానెళ్లన్నీ బతికే ఉన్నాయి. తర్వాత ఒక్కో తీగకూ భూమికీ మధ్య చూశాడు. ఎక్కడా కారకపోతే అంకె నిలవకుండా జారుతూ సున్నాకు దిగిపోతుంది. నిలబడితే కారుతున్నట్టే. ఏ అంకె దగ్గర నిలబడిందో చూస్తే ఎన్నో ప్యానెలు దగ్గర కారుతోందో కూడా చెప్పవచ్చు: మూడో దాని తర్వాత అయితే ఒకవైపు మూడు నలభై మూళ్లు, అటువైపు ఆరు నలభై మూళ్లు. ఈ లెక్క విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను, తరగతి గదిలోకి మళ్లీ వెళ్లినట్టు అనిపించింది.

మాకు ప్లస్ తీగకూ భూమికీ మధ్య 370 పైన నిలబడింది. మైనస్ వైపు దాదాపు సున్నా. అంటే కారుడు ప్యానెళ్ల మధ్యలో కాదు, మైనస్ చివరన. అక్కడున్నది పిడుగుల రక్షణ పరికరం. డబ్బా తెరిచి చూస్తే మూడు గళ్లలో రెండు పచ్చగా, ఒకటి పాడైన గుర్తుగా ఎర్రగా ఉన్నాయి. దాన్ని ఊడదీసి మళ్లీ కొలిస్తే అంకె జారిపోయింది. రాజోలులో దొరకలేదు, పాలకొల్లు నుంచి 1,200 రూపాయలకు కొత్తది తెప్పించి పెట్టాడు. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. కుడి పేజీలో 11.2, 10.8.

మూడో రాత్రి వాన కురిసింది. పొద్దున్నే ఎర్రదీపం.

నిజంగా ఏడుపొచ్చింది. ఫోను చేస్తే వాడు మాత్రం నిదానంగా, “అయితే రెండు తప్పులున్నాయి అత్తా. ఒకటి పోయింది. రెండోది తడిసినప్పుడే కనబడుతుంది, కాబట్టి తడిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి” అన్నాడు. మళ్లీ వాన పడేదాకా ఆగి, ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుని, సూర్యుడు రాకముందే లేచాడు. అప్పుడు ప్యానెళ్లలో వోల్టేజి ఉండదు కనుక మెగ్గర్ పెట్టడం సులువు. రక్షణ పరికరాన్ని విడదీసి, ఇన్వర్టర్ నుంచి తీగలు విప్పేసి, 500 వోల్టులతో కొలిచాడు. కరెంటు భూమిలోకి కారకుండా ఆపే నిరోధాన్ని మెగాఓముల్లో చెబుతారు, మా వరసకు కనీసం ఒక మెగాఓము ఉంటే చాలట. డాబా మీంచి నీళ్లు కారుతుండగా ప్లస్ వైపు 38, మైనస్ వైపు 41. ఇక ప్యానెళ్లకూ తీగలకూ ఏ దోషమూ లేదు. ఉడుతల మీద నింద తొలగిపోయింది. మిగిలింది ఇన్వర్టర్ ఒక్కటే.

ఇక్కడి నుంచి పని యంత్రాలతో కాదు, మనుషులతో. ఇన్వర్టర్‌కు అయిదేళ్ల వారంటీ, 2026 మార్చి దాకా ఉంది. తయారుచేసిన సంస్థకు ఫోను చేస్తే ప్యానెళ్లు కడిగి చూడమన్నారు. మళ్లీ చేస్తే బిగించిన వాళ్లను అడగమన్నారు. బిగించిన వాళ్లు ఇన్వర్టర్ మాది కాదు, తయారీదారును అడగమన్నారు. పది రోజులు ఇలాగే గడిచాయి. శ్రావణంలో ఇంటికి చుట్టాలు, పేరంటాలు, మోటారు, గ్రైండరు. ఆ నెల బిల్లు రెండు వేల పైచిలుకు వచ్చింది.

అప్పుడు బీరువాలోంచి ఒప్పందం కాగితం తీశాను. రాయితీతో పెట్టించుకున్న వాటికి బిగించిన సంస్థే అయిదేళ్లు నిర్వహణ చూడాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ పేరా బిగించిన వాళ్లకు ఫోనులోనే తాపీగా చదివి వినిపించాను. దానితో పాటు ఇన్వర్టర్ సీరియల్ నంబరు, ఎర్రదీపం ఫొటోలు, అరవై నుంచి సున్నాకు వచ్చి ఆగిపోయే వీడియో, మెగ్గర్ అంకెలు, నా పుస్తకంలోని నలభై రోజుల పేజీలు ఒకే ఉత్తరంగా పంపాను. పొద్దున ఎనిమిదిన్నరలోపు, వాన పడ్డ మర్నాడే మనిషిని పంపమని కింద గీత గీసి రాశాను. మధ్యాహ్నం వస్తే ఏమీ కనబడదని అప్పటికి బాగా తెలిసింది.

ఈసారి రెండు సంస్థల వాళ్లూ కలిసి వచ్చారు, తయారీ సంస్థ ఇంజనీరు పరీక్ష కోసం మరో ఇన్వర్టర్ వెంట తెచ్చాడు. సన్నగా తుంపర పడుతోంది. మాది ఎర్రదీపం. అవే తీగలు తన దానికి కలిపాడు. యాభై, ముప్పై, పది. నేను ఊపిరి బిగబట్టాను. టక్కుమంది. పచ్చదీపం. అంతటితో ఎవరూ వాదించలేదు.

అడుగు పలక విప్పగానే కారణం కనిపించింది. తీగ లోపలికి వెళ్లే చోట నీరు చొరకుండా బిగించే గ్లాండు బిగించనే లేదు, బొటనవేలితో తిప్పితే తిరిగింది. ఆ సందులోంచి చీమలు వెళ్లి గూడు కట్టాయి. రాగి టెర్మినళ్ల మీద ఆకుపచ్చని చిలుము, పాత బిందెకు పట్టినట్టు. ఇన్వర్టర్ ఉన్నది మెట్ల గది బయటి గోడకు, నైరుతి వైపు. మా సీమలో వాన కొట్టేదే ఆ దిక్కు నుంచి. అక్కడ పెడితే తీగ నాలుగు మీటర్లు తగ్గుతుందని పెట్టారు. నీరు చేరితే వారంటీ రాదని ఇంజనీరు అన్నాడు. గ్లాండు బిగించింది నేను కాదు కదా అన్నాను. చివరికి ఆ భారం వాళ్లిద్దరూ తేల్చుకున్నారు, నా దగ్గర తీసుకోలేదు. బయట కొంటే ముప్పై వేల మాట.

పదిహేడు రోజులకు కొత్తది వచ్చింది. దాన్ని ఉత్తరం వైపు వసారా గోడకు, చూరు కింద పెట్టించాను. ఆ మార్పుకూ అదనపు తీగకూ 2,600 నేనే ఇచ్చాను. ప్రతి గ్లాండూ నా కళ్ల ముందు బిగించారు, వాడని రంధ్రాలకు మూతలు వేశారు. తీగలను నేరుగా లోపలికి తీసుకెళ్లకుండా కిందికి ఒక వంకీ తిప్పి పైకి ఎక్కించారు; తీగ వెంట జారే నీరు ఆ వంకీ అడుగున బొట్టుబొట్టుగా రాలిపోతుంది. వాన రోజున అక్కడ నిలబడి చూస్తే ఎంత చిన్న ఏర్పాటు ఎంత పెద్ద పని చేస్తోందో తెలుస్తుంది. ఇన్వర్టర్‌లోని దేశం అమరికలో ఇండియా ఎంచుకున్నారో లేదో కూడా అడిగాను. మనకు 230 వోల్టుల మీద పది శాతం, అంటే 253 దాకా అనుమతి. వేరే దేశం హద్దులు పెడితే అకారణంగా ఆగిపోవచ్చు. పాత, కొత్త సీరియల్ నంబర్లు రాసి కరెంటు ఆఫీసులో ఒక ఉత్తరం ఇచ్చి, నకలు మీద సంతకం చేయించుకున్నాను. సామర్థ్యం అదే కనుక నెట్ మీటరు మార్చలేదు.

ఆ తర్వాత మొదటి పెద్ద వాన కార్తీకంలో పడింది. రాత్రంతా కొబ్బరాకుల మీద చప్పుడు వింటూనే ఉన్నాను. తెల్లవారకముందే దీపం పెట్టడానికి లేచి, తులసికోట దగ్గర పని ముగించుకుని వసారాలో నిలబడ్డాను. వంకీ అడుగున నీటిబొట్లు రాలుతున్నాయి. మబ్బు వెలుతురులో తెర వెలిగి అరవై నుంచి లెక్కపెట్టింది. టక్కుమంది. పాలవాడు వచ్చేసరికి 0.1 యూనిట్ చూపిస్తోంది. ఎడమ పేజీలో లీటరున్నర రాసి, కుడి పేజీని సాయంత్రానికి వదిలాను.