దండెం మీద ఏరియల్

ఆదివారం, యోకొహామా.

పొద్దున్నే అమ్మాయి చేత చివాట్లు తిన్నాను. "అమ్మా, బట్టలారేసే గొట్టానికి ఆ వైరేంటి? కింది ఇంటావిడ ఏమనుకుంటుంది?" అని. ఏడు మీటర్ల సన్నటి ఏరియల్ వైరు. రెండు క్లిప్పులు పెట్టి బాల్కనీ ఈ చివర నుంచి ఆ చివరకి లాగాను. ఇంట్లో కూర్చుంటే షార్ట్‌వేవ్ రేడియో వినబడి చావదు. ఫ్రిజ్జు, ఎల్‌ఈడీ బల్బులు, అల్లుడి లాప్‌టాప్ చార్జరు కలిసి ఒకటే జుయ్‌మని రొద. అల్లుణ్ణి చార్జరు పీకమని అడగలేను కదా!

రేడియో టెక్‌సన్ పీఎల్-330. పాత నోకియా ఫోన్లలో వేసే బీఎల్-5సీ బ్యాటరీయే దీనికీ సరిపోతుంది, అందుకే కొన్నాను. బయల్దేరిన రోజు శంషాబాద్‌లో తనిఖీ కుర్రాడు ఆన్ చేసి చూపించమన్నాడు. గరగర తప్ప ఏమీ రాలేదు. "రేడియోనే" అని నవ్వి పంపించేశాడు. ఇక్కడికొచ్చాక చేసిన మొదటి పని ఎఫ్ఎమ్‌ని 76 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యేలా మార్చుకోవడం. జపాన్‌లో చాలా స్టేషన్లు మన 87.5 కంటే కిందే ఉంటాయి.

మధ్యాహ్నం 6055 కిలోహెర్ట్జ్ మీద రేడియో నిక్కెయ్ అనే జపాన్ స్టేషన్ దొరికింది. మామూలు రోజుల్లో షేర్ మార్కెట్టు, శని ఆదివారాలు గుర్రప్పందేలు. భాష ముక్క రాదు. అయినా ఆఖరి మలుపులో వ్యాఖ్యాత గొంతు పైకెక్కిన తీరుకి బీన్స్ ఈనెలు తీయడం ఆపేసి విన్నాను. ఏ గుర్రం గెలిచిందో దేవుడికే తెలియాలి.

రాత్రి పది దాటాక షార్ట్‌వేవ్‌లోనే 49 మీటర్ల బ్యాండు తిప్పుతుంటే జెట్ విమానం ఎంతకీ వెళ్ళిపోనట్టు ఒకటే మోత. దాని అడుగున ఒక ఆడగొంతు, ఆగి ఆగి చదువుతోంది. అమ్మాయిని పిలిచాను. విసుక్కుంటూనే వచ్చి చెవి ఆనించింది. "పేర్లమ్మా... పేరు, కనబడకుండా పోయినప్పటి వయసు. మళ్ళీ ఇంకో పేరు."

ఫోన్లో వెతికి తనే చెప్పింది. దీని పేరు షియోకజె, అంటే సముద్రపు గాలి. ఉత్తర కొరియా ఎత్తుకుపోయిందని అనుమానమున్న జపాన్ వాళ్ళ కోసం 2005 నుంచి వేస్తున్నారట. 1970లు, 80లలో అలా ఎత్తుకుపోయారని జపాన్ ప్రభుత్వం తేల్చింది 17 మందిని. వెనక్కి వచ్చింది 2002లో ఐదుగురు. ఇక్కడికి దగ్గర్లోనే ఇబరాకిలో ఉన్న ట్రాన్స్‌మిటర్ నుంచి వెళ్తుంది. ఆ మోత, వినబడకుండా అవతలివాళ్ళు అడ్డు వేసేది. ఇంటర్నెట్ గడప దాటని ఆ దేశంలోకి ఆకాశానికి తగిలి దిగే ఈ షార్ట్‌వేవే దారి.

నాకు రేడియోలో పేర్లంటే, శ్రోతలు కోరిన పాటలు వేసే విజయవాడ వివిధభారతి జనరంజనే. చీరాల నుంచి ఫలానా, తెనాలి నుంచి ఫలానా అని, పాట కంటే పేర్ల వరసే పొడుగ్గా ఉండేది. మా పిన్ని పేరు ఒకసారి వస్తే వారం రోజులు ఊరంతా చెప్పుకుంది. ఈ పేర్లని అవతల ఎవరైనా వింటున్నారో లేదో చదివే ఆవిడకి కూడా తెలియదు.

ఇద్దరం చలిలో అలాగే నిలబడ్డాం. అల్లుడు తలుపు తీసి చూసి, ఏమీ అడక్కుండా మళ్ళీ వేసేశాడు.

పడుకునే ముందు, వైరు పొద్దున్నే తీసేస్తాలే అన్నాను.

"రేపు వానట, బట్టలు ఎలాగూ ఆరెయ్యం" అంది.