లాంగ్‌ఇయర్‌బ్యేన్‌లో ఎవరుంటారు?

క్వార్టరు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. సింగరేణి కాలనీలో పెరిగిన నాకు ఈ సంగతి చిన్నప్పుడే తెలుసు. అందుకేనేమో, స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఉత్తర ధ్రువానికి దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలో ఉన్న లాంగ్‌ఇయర్‌బ్యేన్ గురించి చదివినకొద్దీ ఆ ఊరు నాకు పరాయిదిగా తోచలేదు. అక్కడా ఇళ్లు చాలావరకు ఉద్యోగాలతో ముడిపడినవే.

అమెరికా వ్యాపారి జాన్ మన్రో లాంగ్‌ఇయర్ 1906లో బొగ్గు కోసం నెలకొల్పిన ఊరది. 1916లో స్టోర్ నోర్‌స్కె అనే నార్వే కంపెనీ చేతికి వచ్చింది. 1920 నాటి ఒప్పందం ఆ దీవులను నార్వేకు అప్పగిస్తూనే, సంతకం చేసిన దేశాల ప్రజలందరికీ అక్కడ పని చేసుకునే సమాన హక్కు ఇచ్చింది. అప్పటి బ్రిటిష్ ఇండియా పేరు కూడా ఆ జాబితాలో ఉంది. అక్కడ నివసించడానికి వీసా అక్కర్లేదు. అందుకే సుమారు 2,500 మంది ఉన్న ఊళ్లో యాభైకి పైగా దేశాల వాళ్లు కనిపిస్తారు. నార్వే వాళ్ల తరువాత థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ దేశస్థులు ఎక్కువ; గని కార్మికులను పెళ్లాడి వచ్చిన థాయ్ స్త్రీలతో మొదలైన ఈ రాక, ఇప్పుడు హోటళ్లలోనూ, శుభ్రపరిచే పనుల్లోనూ స్థిరపడింది.

హోటల్లోకి వెళ్లినా, మ్యూజియంలోకి వెళ్లినా గుమ్మంలోనే బూట్లు విప్పడం అక్కడి ఆచారం. మడి కోసం కాదు, ఒకప్పటి బొగ్గు మసి లోపలికి రాకుండా మొదలైన అలవాటు.

అక్కడ చావడం నిషిద్ధమని తరచూ రాస్తుంటారు గానీ అది అతిశయోక్తి. గడ్డకట్టిన నేలలో శవపేటికలను పూడ్చనివ్వరు, అంతే. అసలు కష్టం బతికుండగానే ఉంది: వృద్ధులకు సంరక్షణ లేదు, నిండు గర్భిణులు కాన్పుకు నార్వే ప్రధాన భూభాగానికి వెళ్లవలసిందే, తనను తాను పోషించుకోలేని మనిషిని గవర్నరు పంపివేయవచ్చు.

ఊరి చుట్టూ ఉన్న నార్వే గనుల్లో చివరిదైన ఏడో నంబరు గని 2025లో మూతపడింది. అంతకు ముందే, 2022లో, నార్వే ప్రధాన భూభాగంలో మూడేళ్లు నివసించని విదేశీయులకు స్థానిక ఎన్నికల్లో ఓటు తీసేశారు. నార్వేతో అనుబంధం ఉన్నవాళ్లే ఊరిని నడపాలన్నది ప్రభుత్వ వాదన. అది నాకు మింగుడుపడలేదు. పదేళ్లుగా అక్కడే గదులు ఊడుస్తున్న మనిషికి లేని ఓటు, ఓస్లో నుంచి కొత్తగా దిగిన నార్వే ఉద్యోగికి ఉంది.